మీ అమ్మ ఎవరి కూతురు?

నీ తండ్రి ఎవరు నాయనా, ఆయనది ఏ ఊరు? తాతగారెవరు? సరే, మీ అమ్మ ఎవరు? ఆవిడ ఎవరి కూతురు, వాళ్ళది ఏ ఊరు? మీ ఇలవేల్పులెవరు, ఎక్కడ కొలుస్తారు? మీ పెద్దల సమాధులు ఎక్కడున్నాయి?

ఇంతవరకూ వింటే ఎక్కడో పెళ్ళి సంబంధం మాట్లాడుకుంటున్నారనే అనుకుంటాం. అటు ఏడు తరాలూ, ఇటు ఏడు తరాలూ చూడాలనే పెద్దమ్మ ఒకావిడ ప్రతి ఇంట్లోనూ ఉండనే ఉంటుంది కదా! కాని ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు వేరేగా ఉంటాయి. తల్లిదండ్రుల్ని సరిగ్గా చూసుకుంటున్నావా? కట్టవలసిన పన్నులు కట్టావా? యుద్ధానికి పిలిస్తే వెళ్ళావా?

ఇవి పెళ్ళిచూపులు కావు. సుమారు 2,300 ఏళ్ళ కిందట గ్రీసులోని ఏథెన్స్ నగరంలో, ఆర్కన్ అనే అధికారి పదవిలోకి వచ్చేముందు అతన్ని నలుగురిలో నిలబెట్టి ఇలా అడిగేవారట. అరిస్టాటిల్ పేరు మీద ఉన్న 'ఏథెన్స్ రాజ్యాంగం' అనే పుస్తకంలో ఉంది ఈ సంగతి. ఆ పుస్తకం కొన్ని శతాబ్దాలపాటు ఎవరికీ కనబడకుండా పోయి, ఈజిప్టులో దొరికిన పపైరస్ చుట్టల పుణ్యమా అని 1891లో అచ్చులోకి వచ్చింది.

మేం బి.ఏ. చదువుకునే రోజుల్లో గ్రీకు చరిత్ర అంటే 'పెరిక్లీస్ స్వర్ణయుగం'. ఆ ప్రశ్న వస్తుందని తెలిసి, పార్థినాన్ ఆలయం, సోఫోక్లీస్ నాటకాలు, ప్రజాస్వామ్యం అని వరసగా కంఠతా పట్టి రాసేసేవాళ్ళం. ఆ ప్రజాస్వామ్యంలో ప్రజలంటే ఎవరు, వాళ్ళని ఎవరు ఎంచారు, ఎలా ఎంచారు అని మా నోట్సులో లేదు. పరీక్షలు ఎప్పుడో అయిపోయాయి గాని, ఈ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఎందుకంటే దీని జవాబులో ఒక తండ్రి కన్నీళ్ళున్నాయి, ఒక తల్లి అమ్ముకున్న రిబ్బన్లున్నాయి. నవలలు రాసేదాన్ని, వాటిని వదిలిపెట్టి పార్థినాన్ స్తంభాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోలేను కదా!

* * *

ఏథెన్స్‌లో పౌరుడంటే సభలో చెయ్యెత్తి ఓటు వేసేవాడు. కోర్టులో తీర్పరిగా కూర్చునేవాడు. ఇల్లూ పొలమూ సొంతానికి కొనుక్కోగలిగినవాడు. ఊళ్ళో ఎన్నేళ్ళు కాపురమున్నా పౌరులు కానివాళ్ళని 'మెటిక్'లు అనేవారు. మగవాడైతే ఏడాదికి 12 డ్రాక్మాలు, ఒంటరిగా బతికే ఆడదైతే 6 డ్రాక్మాలు తల పన్ను కట్టాలి. యుద్ధం వస్తే సైన్యంలో నడవాలి. కాని గజం నేల కొనుక్కోవడానికి లేదు. అంతటి అరిస్టాటిల్ కూడా ఏథెన్స్‌లో మెటిక్కే సుమండీ! పౌరుడంటే ఎవరని శాస్త్రం రాసిన మహానుభావుడు ఆ ఊళ్ళో తాను పౌరుడు కాడు. ఇక బానిసల మాట చెప్పనే అక్కర్లేదు.

పౌరుల్ని ఎంచే పద్ధతిని క్రీ.పూ. 508-507లో క్లైస్తెనీస్ అనే ఆయన ఏర్పాటు చేశాడు. దేశాన్ని 139 'డీమ్'లుగా విభజించాడు. డీమ్ అంటే పల్లెల్లో అయితే గ్రామం, నగరంలో అయితే పేట అనుకోండి. కుర్రాడికి 18 ఏళ్ళు రాగానే తండ్రి తన డీమ్‌కి తీసుకువెళతాడు. ఊరివాళ్ళు ప్రమాణం చేసి ఓటు వేస్తారు - వీడికి వయసు వచ్చిందా, వీడు స్వతంత్రుడేనా, సక్రమంగా పుట్టినవాడేనా అని. ఔనంటే పట్టీలో పేరు ఎక్కుతుంది.

మొదట్లో తండ్రి పౌరుడైతే చాలు. తల్లి ఎక్కడి పిల్లయినా ఫరవాలేదు. క్లైస్తెనీస్ తల్లే సిక్యాన్ అనే మరో నగరం ఏలిక కూతురు. పెర్షియన్ల నౌకాదళాన్ని చిత్తు చేసిన థెమిస్టాక్లీస్ తల్లి కూడా పరాయి దేశస్థురాలేనని ప్లూటార్క్ రాశాడు. మహా సేనాని కైమన్ తల్లి థ్రేస్ రాజు కూతురు. అంటే ఏథెన్స్‌ని నిలబెట్టిన మగవాళ్ళలో కొందరు 'పైవూరి' కోడళ్ళ కొడుకులన్నమాట.

క్రీ.పూ. 451లో పెరిక్లీస్ కొత్త చట్టం తెచ్చాడు. తండ్రి ఒక్కడే కాదు, తల్లి కూడా ఏథెన్స్ పౌరుల ఇంటి బిడ్డ అయితేనే కొడుకు పౌరుడు. కారణం? పౌరులు మరీ ఎక్కువైపోయారు కాబట్టి అని 'ఏథెన్స్ రాజ్యాంగం' ఒక్కముక్కలో తేల్చేసింది. కొంచెం ఆలోచిస్తే అసలు కథ కనబడుతుంది. కోర్టులో కూర్చున్నవారికి రోజుకూలి ఇచ్చే ఏర్పాటు చేసినవాడు ఈ పెరిక్లీసే. పౌరుడిగా ఉండడం అంతకుముందు గౌరవం, ఇప్పుడు గౌరవంతోపాటు ఆదాయం కూడా. విందు ఘనంగా పెట్టినప్పుడే వాకిట్లో మనిషిని నిలబెట్టి, 'మీరు ఎవరి తాలూకండీ?' అని అడగడం మొదలవుతుంది.

పరాయి అంటే ఎక్కడో సముద్రాల అవతల వాళ్ళనుకునేరు. మెగారా అనే నగరం ఏథెన్స్‌కి ఎంత దూరమంటే, విజయవాడకీ గుంటూరుకీ ఉన్నంత, కాస్త అటూ ఇటూగా. అదే గ్రీకు భాష, అవే దేవుళ్ళు, అదే ఆలివ్ నూనె. అయినా మెగారా పిల్లని చేసుకుంటే నీ కొడుకు ఇక్కడ పౌరుడు కాడు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. అప్పటికే పట్టీలో ఉన్నవాళ్ళ జోలికి ఈ చట్టం పోలేదు. కైమన్ తల్లి పరాయిదే అయినా, ఆ తర్వాత కూడా ఆయన ఏథెన్స్ సేనాపతిగా సైప్రస్ మీదికి వెళ్ళి, అక్కడే కన్ను మూశాడు. ఆట మధ్యలో నియమం మార్చి, నిన్న గెలిచినవాణ్ణి ఇవాళ ఓడిపోయావనకుండా ఉండడం న్యాయంలో మొదటి మెట్టు. ఆ మెట్టు పెరిక్లీస్ ఎక్కాడు.

కాని చట్టమంటూ ఒకటి వచ్చాక అది ఊరికే కూర్చోదు కదా! క్రీ.పూ. 445లో ఈజిప్టు రాజొకాయన ఏథెన్స్ పౌరులకి పంచమని 40,000 మెడిమ్నాల గోధుమలు పంపించాడు. మెడిమ్నం అంటే 50 లీటర్ల పైచిలుకు కొలత. గోధుమలు రాగానే పౌరుల లెక్క మొదలైంది. ఇన్నాళ్ళూ పక్కపక్కన కూర్చున్నవాళ్ళే ఒకరి తల్లి గురించి ఒకరు చెవులు కొరుక్కుని, కోర్టులకెక్కారు. సుమారు 5,000 మంది పౌరులు కాదని తేలారనీ, 14,040 మంది మిగిలారనీ ప్లూటార్క్ రాశాడు. కాదన్నవాళ్ళని బానిసలుగా అమ్మేశారని కూడా అన్నాడు గాని, అంతమందిని అమ్మారంటే ఇప్పటి చరిత్రకారులు చాలామంది నమ్మడం లేదు. అమ్మకపోతే పోనివ్వండి, గోధుమల గింజ చూపించి పొరుగువాడి తల్లి పుట్టుక అడిగించారే, అది చాలదూ?

* * *

ఇప్పుడు పెరిక్లీస్ ఇంట్లోకి వెళదాం.

ఆయన మొదటి భార్య ఆయనకి దగ్గర బంధువు, ఏథెన్స్ ఆడపడుచే. ఆవిడ పేరేమిటో ప్లూటార్క్ చెప్పడు. చట్టం ప్రకారం అన్ని అర్హతలూ ఉన్న తల్లి, కాని పేరు చెప్పవలసినంత అవసరం ఎవరికీ కనిపించలేదు. ఆమెకి ఇద్దరు కొడుకులు, జాంతిప్పస్, పారలస్. ఆ కాపురం పొసగక విడిపోయిన తర్వాత పెరిక్లీస్ జీవితంలోకి ఆస్పేషియా వచ్చింది. మిలీటస్ నగరపు పిల్ల. విదుషి, మాటకారి. సోక్రటీస్ తన మిత్రుల్ని వెంటబెట్టుకుని ఆవిడ మాటలు వినడానికి వెళ్ళేవాడని చెబుతారు. ఆమెకి ఒక కొడుకు పుట్టాడు. వాడికి తండ్రి పేరే, పెరిక్లీస్. తండ్రి తెచ్చిన చట్టం ప్రకారం వాడు ఏథెన్స్ పౌరుడు కాలేడు.

క్రీ.పూ. 430లో నగరంలో మహమ్మారి ప్రవేశించింది. యుద్ధానికి భయపడి పల్లెజనమంతా కోటగోడల లోపలికి వచ్చి కిక్కిరిసి ఉన్నారు. శవాల మీద శవాలు. పెరిక్లీస్ పెద్దకొడుకు పోయాడు. చెల్లెలు పోయింది. తర్వాత పారలస్ కూడా పోయాడు. అంతవరకూ గుండె దిటవు చేసుకుని నిలబడ్డ మనిషి, చివరి కొడుకు మీద పూలదండ పెట్టేటప్పుడు ఆపుకోలేక భోరుమన్నాడట. అంతకుముందెన్నడూ ఆయన అలా ఏడవగా ఎవరూ చూడలేదట.

ఇప్పుడు ఇంటిపేరు నిలబెట్టడానికి మిగిలింది ఆస్పేషియా కొడుకొక్కడే. 20 ఏళ్ళ కిందట తాను తెచ్చిన చట్టాన్ని తన బిడ్డ విషయంలో సడలించమని పెరిక్లీస్ అదే ప్రజల ముందు చెయ్యి చాచాడు. ఎవరు తీసిన గోతిలో వారే పడతారని మన పెద్దవాళ్ళు ఊరికే అన్నారా! జనం జాలిపడ్డారు. పాపం, తగిన శాస్తి జరిగింది, ఇంక చాల్లే అనుకున్నారు కాబోలు. కొడుకుని పట్టీలో చేర్చుకుని తన పేరు పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు. క్రీ.పూ. 429లో పెరిక్లీస్ కూడా పోయాడు.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు కళ్ళు చెమరుస్తాయి. ఆ వెంటనే ఒళ్ళు మండుతుంది కూడా. నగరంలో పరాయి తల్లి కడుపున పుట్టిన పిల్లలు ఇంకెంతమంది ఉన్నారో! వాళ్ళ తండ్రి చెప్పులు కుట్టేవాడో, కుండలు చేసేవాడో అయితే? అతనూ మహమ్మారిలో కొడుకుల్ని పోగొట్టుకునే ఉంటాడు. కాని సభలో నిలబడి ఏడిస్తే చట్టం కరిగేటంత పెద్ద పేరు అతనికి లేదు. దయ మంచిదే. కాని నియమంలో రాసిపెట్టని దయ పెద్దవాళ్ళ ఇళ్ళకే దారి వెతుక్కుంటూ పోతుంది.

ఆ కుర్రాడి సంగతి కూడా చెప్పేస్తాను. పెరిగి పెద్దవాడై సేనాపతి అయ్యాడు. క్రీ.పూ. 406లో ఆర్గినూసే దగ్గర సముద్రయుద్ధం గెలిచిన సేనాపతుల్లో అతనూ ఒకడు. గెలిచాక తుఫాను రేగి, మునిగిన ఓడల్లోని మనుషుల్ని రక్షించలేకపోయారు. అందుకని సేనాపతులందరికీ కలిపి ఒకే ఓటుతో మరణశిక్ష వేసి, చేతికి చిక్కిన ఆరుగురినీ చంపేశారు. ఇది చట్టవిరుద్ధమని ఆ రోజు అడ్డుపడ్డవాడు సోక్రటీస్. పౌరసత్వం ప్రత్యేకంగా ఇచ్చిన చేతులే ప్రాణం తీసుకున్నాయి.

* * *

ఇంకో రకం పట్టీ కూడా ఏథెన్స్ చూసింది. క్రీ.పూ. 404లో స్పార్టా చేతిలో ఓడిపోయాక ముప్ఫయిమంది నియంతలు గద్దె ఎక్కారు. ఇకనుంచి పౌరులంటే 3,000 మందే అన్నారు. ఆ 3,000 లోపల ఉన్నవాణ్ణి విచారణ లేకుండా చంపకూడదు, బయట ఉన్నవాణ్ణి నియంతలు చంపవచ్చు. థెరామెనీస్ అనే ఆయన ఆ ముప్ఫయిమందిలో ఒకడే అయినా, ఇదేమి లెక్కయ్యా అని అడిగాడు. మంచివాళ్ళు సరిగ్గా 3,000 మందే ఉంటారా, ఈ గీతకి అవతల మంచివాడు, ఇవతల చెడ్డవాడు ఉండడా అని. అడగవలసిన ప్రశ్నే. అంకె ముందు వేసుకుని, ఆ అంకెకి సరిపడా మనుషుల్ని ఏరితే అది అర్హత అవుతుందా?

పైగా ఆ పట్టీని చాలాకాలం బయటపెట్టనే లేదు. తమ దగ్గరే ఉంచుకుని, ఒక పేరు కొట్టెయ్యడం, ఇంకొకటి రాయడం. చివరికి థెరామెనీస్ ఎదురుతిరిగిన రోజున, వాళ్ళ నాయకుడు క్రిటియాస్ అతని పేరు కూడా నిలుచున్న పళంగా కొట్టేశాడు. పేరు పోయింది కాబట్టి విచారణ అక్కర్లేదు. విషం తాగించేశారు. ఒకడి చేతిలో రబ్బరూ పెన్సిలూ ఉన్నంతకాలం పట్టీలో పేరుండడానికి అర్థమేముంది చెప్పండి!

ఆ నియంతల్ని తరిమి ప్రజాస్వామ్యాన్ని తిరిగి తెచ్చిన సేనలో పౌరులు మాత్రమే కాదు, మెటిక్‌లు, బానిసలు కూడా ఉన్నారు. వాళ్ళందరికీ పౌరసత్వం ఇద్దామని నాయకుడు థ్రాసిబ్యూలస్ ప్రతిపాదించాడు. అది చట్టబద్ధం కాదని ఆర్కీనస్ అనే మరో నాయకుడు కోర్టులో కొట్టించేశాడు. తర్వాత కొంత గౌరవం చేశారనుకోండి. ఆ శిలాశాసనం ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి. అందులో ఒక్కొక్క పేరు పక్కనా వృత్తి చెక్కారు - రైతు, వంటవాడు, వడ్రంగి, కంచరగాడిదలు తోలేవాడు, తోటమాలి. ప్రాణాలకి తెగించి నిలబడ్డప్పుడు, తల్లి ఏ ఊరు అని వాళ్ళని ఎవరూ అడిగినట్టు లేదు.

క్రీ.పూ. 403లో పెరిక్లీస్ చట్టాన్ని మళ్ళీ నిలబెట్టారు. యుద్ధకాలంలో అది సడలిపోయింది. అయితే ఈసారి ఒక తెలివైన పని చేశారు. ఈ ఏడాది తర్వాత పుట్టినవాళ్ళకే తల్లి సంగతి అడుగుతాం, అంతకు ముందు పుట్టినవాళ్ళని తవ్వితీయం అని చట్టంలోనే రాశారు. అంతఃకలహం ముగిశాక ఊరు ఊరంతా పాత కక్షలు తిరగతోడుకోకుండా ఉండాలంటే అదొక్కటే దారి.

* * *

నియమం ఇంత చక్కగా రాసుకున్నారు కదా, ఇంక గొడవేముంది అంటారేమో. అసలు గొడవ ఇప్పుడే మొదలైంది.

క్రీ.పూ. 346లో ఏథెన్స్‌వాళ్ళు పట్టీలన్నీ ఒక్కసారి శుద్ధి చేద్దామనుకున్నారు. పట్టీలో ఉన్న ప్రతి పేరునీ చదవాలి, దాని మీద డీమ్‌వాళ్ళు ఓటు వెయ్యాలి. కాదన్నవాడు ఒప్పుకుని ఊరుకుంటే మెటిక్ అయిపోతాడు. ఒప్పుకోక కోర్టుకి అప్పీలు చేసుకుని, అక్కడ కూడా ఓడిపోతే బానిసగా అమ్మేస్తారు. అప్పీలు ఉంది, కాని దాని గుమ్మంలో కత్తి వేలాడుతూ ఉందన్నమాట.

హాలిమస్ అనే సముద్రపొడ్డు డీమ్‌లో యూక్సితియస్ అనే ఆయన పేరు ఇలాగే పోయింది. అప్పీలుకి వెళ్ళాడు. ఆయన కోర్టులో చెప్పుకోవడానికి డెమాస్తనీస్ రాసి ఇచ్చిన ఉపన్యాసం ఇప్పటికీ ఉంది. పేరుమోసిన ఆయన రాజకీయ ఉపన్యాసాలన్నీ ఒక ఎత్తు, నాకిదొక్కటీ ఒక ఎత్తు.

ఆ రోజు ఏం జరిగిందంటే, యూబ్యులిడీస్ అనే పెద్దమనిషి సమావేశం నడిపాడు. ప్రమాణం చేయించేది ఆయనే, పేర్లు చదివేది ఆయనే. యూక్సితియస్‌కీ ఆయనకీ పాత పగ. అంతకుముందొక కేసులో యూక్సితియస్ ఆయనకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. సమావేశం ఊళ్ళో కాదు, నగరంలో పెట్టాడు. 73 మంది ప్రమాణం చేశారు. పగలంతా ఉపన్యాసాలతో, తీర్మానాలతో గడిపేసి పొద్దువాలాక ఓటింగు మొదలుపెట్టాడు. హాలిమస్ నగరానికి ఆరు కిలోమీటర్ల పైన ఉంది. ముసలివాళ్ళందరూ చీకటిపడకుండా పల్లె చేరాలని వెళ్ళిపోయారు. వాళ్ళే యూక్సితియస్ పుట్టుపూర్వోత్తరాలు ఎరిగినవాళ్ళు. ఆ రోజు పిలిచిన పేర్లన్నిటిలోకీ ఆఖరున, చీకట్లో, అతని పేరు పిలిచారు. మిగిలింది 30 మంది. పెట్టెలో పడ్డ ఓటుబిళ్ళలు మాత్రం 60 పైన! రేపటికి వాయిదా వెయ్యండి, నా సాక్షుల్ని పిలుచుకొస్తానని ప్రాధేయపడినా వినలేదట. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిని కూర్చున్నా ఫరవాలేదంటారు. ఈయన కూర్చుంది కడపంక్తి, వడ్డించేవాడు పగవాడు.

ఇంతకీ అతని మీద అభియోగాలేమిటి? ఒకటి, తండ్రి మాట యాస వేరు. రెండు, తల్లి బజారులో రిబ్బన్లు అమ్మింది, ఇతరుల బిడ్డకి పాలిచ్చే దాదిగా పనిచేసింది. ఏథెన్స్ ఇల్లాలైతే అలా చేస్తుందా?

కొడుకు ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాడు. తండ్రి యుద్ధంలో శత్రువులకి చిక్కి, బానిసగా అమ్ముడుపోయి, ఏళ్ళ తరబడి పరాయిగడ్డ మీద ఉండి తిరిగొచ్చాడు. యాస మారకేమవుతుంది? తిరిగివచ్చాక బంధువులు ఆస్తిలో వాటా ఇచ్చారు, పరాయివాడైతే ఇస్తారా? ఇక అమ్మ సంగతి. ఔను, రిబ్బన్లు అమ్మింది. అమ్మకపోతే ఇల్లు గడవదు కాబట్టి. దాదిగా వెళ్ళింది, భర్త సైన్యంలో దూరాన ఉన్నాడు, చంకలో బిడ్డలు, చేతిలో కానీ లేదు. బజారులో పనిచేశావని పౌరుణ్ణిగాని పౌరురాలిని గాని ఎత్తిపొడవకూడదని మీ చట్టమే ఉంది కదా అన్నాడు. ఆ తర్వాత అన్న మాట చూడండి, ఎంత పదునైనదో. బజారులో వ్యాపారం చేసే పరాయివాళ్ళు ప్రత్యేకంగా పన్ను కట్టాలి. మా అమ్మ పరాయిదైతే ఆ పన్ను లెక్కల్లో ఆమె పేరు చూపించండి!

ఆ తల్లి పేరు నికరేటి. మెలిటి అనే డీమ్‌కి చెందిన డమోస్ట్రాటస్ కూతురు. మొదటి భర్త బీదవాడు. ఆస్తి ఉన్న పిల్ల దొరికే అవకాశం వచ్చి, ఈమెని తన స్నేహితుడికి అప్పజెప్పి తాను వేరే పెళ్ళి చేసుకున్నాడు. ఆ స్నేహితుడే యూక్సితియస్ తండ్రి. ఎవరైనా ఆవిడ అభిప్రాయం అడిగారా? అడిగినట్టు ఎక్కడా లేదు.

ఇక్కడే నా కలం ఆగిపోతుంది. తల్లి కూడా పౌరుల బిడ్డ అయితేనే కొడుకు పౌరుడన్నారు, బాగుంది. ఆ మాటతో ఆడదానికి లెక్కలో చోటు దొరికిందనే అనుకోవచ్చు. కాని ఆ తల్లి పేరు డీమ్ పట్టీలో ఉండదు, అది మగవాళ్ళ పట్టీ. పెళ్ళికి రిజిస్టరు లేదు. కోర్టుకి వచ్చి సాక్ష్యం చెప్పే హక్కు ఆడవాళ్ళకి లేదు. నేను ఫలానావారి అమ్మాయినని నికరేటి చెప్పుకోలేదు. అన్నదమ్ముల పిల్లలూ, మేనమామల వరసవాళ్ళూ, మగవాళ్ళందరూ వచ్చి ఈవిడ మావాళ్ళమ్మాయే, పెళ్ళివిందు మేం తిన్నాం, వీళ్ళ పెద్దల్ని మా సమాధుల్లోనే పెట్టాం అని చెప్పాలి. బంధుబలం ఉన్నవాళ్ళ తల్లి నిలుస్తుంది. చుట్టాలు చచ్చిపోయినవాళ్ళు, పొట్టకూటికి ఊరు విడిచిపోయినవాళ్ళు, అన్నదమ్ములతో మాటల్లేనివాళ్ళు, వీళ్ళ గతేమిటి? నియమం అడిగింది ఏమిటో అందరికీ ఒక్కటే. దాన్ని రుజువు చెయ్యగల శక్తి మాత్రం అందరికీ ఒక్కటి కాదు.

హాలిమస్ పెద్దల నిర్వాకం ఇంకా ఉంది. ఒకే తల్లికీ ఒకే తండ్రికీ పుట్టిన అన్నదమ్ముల్లో ఒకణ్ణి ఉంచి ఇంకొకణ్ణి తీసేశారని యూక్సితియస్ అంటాడు. తలకి ఐదేసి డ్రాక్మాలు పుచ్చుకుని ఇద్దరు పరాయివాళ్ళని చేర్చుకున్నారనీ అంటాడు. యూబ్యులిడీస్ తండ్రి ఊరిపెద్దగా ఉన్నప్పుడు పట్టీయే పోయిందని చెప్పి మళ్ళీ ఓట్లు పెట్టారట. అప్పుడు తీసేసినవాళ్ళు పదిమంది. కోర్టు వాళ్ళలో ఒక్కడు తప్ప అందరినీ తిరిగి చేర్చింది. పదిలో తొమ్మిది తప్పులు! అప్పీలు లేకపోతే ఆ తొమ్మిదిమంది కుటుంబాలు ఏమైపోయేవి?

యూక్సితియస్ కేసులో తీర్పు ఏమైందో చరిత్రలో మిగల్లేదు. ఉపన్యాసం ఉంది, ఓట్ల లెక్క లేదు. ఓడిపోతే ప్రాణం తీసుకుంటాను, కనీసం మావాళ్ళ చేతులమీదుగా ఈ మట్టిలోనే కలుస్తాను అని అతను చెప్పిన దగ్గర మనం పుస్తకం మూసెయ్యాలి.

* * *

ఏథెన్స్‌వాళ్ళకి న్యాయంగా ఎంచడం బొత్తిగా చేతకాదని కూడా అనలేం. క్రీ.పూ. 427లో తమ మిత్రనగరం ప్లటీయా నాశనమైనప్పుడు, తప్పించుకువచ్చినవాళ్ళకి పౌరసత్వం ఇచ్చారు. ఒక్కొక్కణ్ణీ కోర్టులో పరిశీలించి, అన్ని డీమ్‌లకీ పంచారు. ఆర్కన్ పదవీ పూజారితనమూ మీకు లేవు గాని, ఇక్కడి ఆడపిల్లకి పుట్టిన మీ పిల్లలకి ఉంటాయన్నారు. పరాయివాడెవడికైనా పౌరసత్వం బహుమానంగా ఇవ్వాలంటే 6,000 మంది రహస్యంగా ఓటు వెయ్యాలనే నియమం కూడా ఉండేది. బాంకు నడిపిన పేసియన్ అనే ఆయన బానిసగా మొదలై పౌరుడయ్యాడు. నగరానికి ఎన్నో దానాలు చేశాడు లెండి! రిబ్బన్లు అమ్మినావిడకి ఆ దారి ఎక్కడుంది?

మన దేశం తన పట్టీ రాసుకున్నప్పుడు పడ్డ తంటాలు కూడా తక్కువవి కావు. రాజ్యాంగ సభలో, ఒక్క అధికరణం మినహా ముసాయిదా సంఘానికి ఇంత తలనొప్పి తెచ్చినది మరొకటి లేదని అంబేద్కర్ గారు 1949లో పౌరసత్వం గురించే అన్నారు. చివరికి 5వ అధికరణంలో, ఇక్కడ స్థిరనివాసం ఉండి, ఇక్కడ పుట్టినా, తండ్రి గాని తల్లి గాని ఇక్కడ పుట్టినా, ఐదేళ్ళుగా ఇక్కడ నివసిస్తున్నా చాలన్నారు. తండ్రి 'గాని' తల్లి 'గాని'! పెరిక్లీస్ 'మరియు' అన్నచోట మనవాళ్ళు 'గాని' అన్నారు. ఆ ఒక్క మాటలో ఎన్ని లక్షల కాపురాలు ఇమిడిపోయాయో!

తర్వాత గుమ్మం కొంచెం కొంచెంగా ఇరుకైంది. 1987 జూలై 1 నుంచి ఇక్కడ పుడితే చాలదు, తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబరు 3 నుంచి ఇద్దరి సంగతీ చూడాలన్నారు. విదేశంలో పుట్టిన బిడ్డ విషయంలో అయితే, 1992లో చట్టం సవరించేదాకా తండ్రి భారతీయుడైతేనే పౌరసత్వం వచ్చేది. తల్లి భారతీయురాలైనా లెక్కలేదు. 'మీ అమ్మ ఎవరి కూతురు?' అని ఏథెన్స్‌వాళ్ళు అడిగి ఏడిపించారు. మనవాళ్ళు అన్నాళ్ళూ అసలు అడగనేలేదు.

ఎవరిని లోపలికి రానివ్వాలో ఎంచుకునే హక్కు ఏ ఊరికైనా ఉంటుంది, కాదనను. కాని ఆ నియమం రాసేవాళ్ళు కాగితం మీది వాక్యం అందంగా వచ్చిందని మురిసిపోకుండా, దాన్ని నికరేటి లాంటి మనిషి చేతికిచ్చి చూడాలి. నిన్నటివాళ్ళకి ఇవాళ్టి నియమం తగిలించారా? అడిగే కాగితం పేదవాళ్ళ ఇంట్లో ఉండే కాగితమేనా? తీర్పు చెప్పేవాడు పొరుగింటి పగవాడు కాదు కదా? పొద్దువాలాక, ముసలివాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోయాక పేరు పిలుస్తున్నారా? కాదన్నవాడు మెడమీద కత్తి లేకుండా ఇంకో గడప ఎక్కవచ్చా? పెద్దాయన కన్నీళ్ళకి దొరికే సడలింపు చెప్పులు కుట్టేవాడి కన్నీళ్ళకీ దొరుకుతుందా?

వీటన్నిటికీ సరైన జవాబు చెప్పగలిగితే, అప్పుడు అడగండి అమ్మ ఎవరి కూతురో. అడిగేటప్పుడు ఆవిడనే అడగండి. తానెవరి బిడ్డో అందరికంటే బాగా తెలిసినది ఆవిడకే కదా!